వందనార్పణ ఇంకా కాలేదు

మైకు ముందు నిలబడగానే ఆదినారాయణప్ప చూపుడువేలి గోటితో దాని తలమీద రెండుసార్లు కొడతాడు. కొట్టి, వేదికవైపు చూడడు, గొట్టాలవైపూ చూడడు. జనంలో అందరికన్నా దూరంగా ఉన్న మనిషి ఎవరో కళ్లతో వెతుకుతాడు. కనపడ్డాక కుడిచెయ్యి పైకెత్తుతాడు. ఆ మనిషీ చెయ్యెత్తితే మాట చేరినట్టు. ఎత్తకపోతే ఆంప్లీ పెట్టె దగ్గరికి పోయి మీట కాస్త తిప్పి, మళ్లీ వచ్చి, మళ్లీ రెండుసార్లు కొడతాడు. పెళ్లికయినా, కరగ జాతరకయినా, గణేశుడి పందిరికయినా, ఓట్ల సభకయినా ఇదే పద్ధతి.

"పెద్దోళ్లు కాచుకోని ఉండారు, నువ్వేమప్పా ఆ మూలనుండే ముసిల్దానికి సలాం కొడతా ఉండావు?" అని సభ జరిపేవాళ్లు విసుక్కుంటారు.

"ముందు వరసోళ్లకు మైకెందుకు సార్?" అంటాడు ఆదినారాయణప్ప.

బెంగళూరు అంచున, యలహంక పాత ఊళ్లో ఒక సందులో అతని అంగడి. దానికి బోర్డు లేదు. గడపమీద వేలాడదీసిన పాత అల్యూమినియం గొట్టమే బోర్డు. అది వాళ్ల నాయన ఆవులప్పది. ఆవులప్ప చింతామణి వైపునుంచి మొలకు ఒక పంచె, భుజాన ఈ గొట్టం వేసుకుని వచ్చాడని చెప్పుకుంటారు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. మైకులో మాత్రం ఆ తండ్రీకొడుకులు జీవితమంతా పలికింది ఒకటే మాట: హలో. ఆ తర్వాత మైకు ఇంకొకరిది.

ఆవులప్ప కొడుక్కి మైకు సెట్టుతో పాటు రెండు కట్టుబాట్లు ఇచ్చిపోయాడు. మొదటిది, మైకోనికి చెవులు ఉండకూడదు. ఈ పూట ఒక జెండా, రేపు పొద్దున ఇంకో జెండా. ఈయన తిట్టినాయన్నే ఆయన పొగుడుతాడు. ఏ ఎండకు ఆ గొడుగు పట్టకపోతే ఈ వృత్తిలో పొయ్యి వెలగదు. విన్నావంటే ఎక్కడో ఒకచోట ముఖంలో తెలుస్తుంది. అందుకని వినొద్దు. ఆదినారాయణప్ప వినడం ఎప్పుడో మానేశాడు. గొంతు పగులుతోందా, కూత పడుతోందా అన్నంతవరకే అతనికి మాటలతో పని.

రెండోది, వందనార్పణ అయ్యేదాకా సెట్ ఆపకూడదు.

ఇక్కడి సభల్లో అన్నిటికన్నా చివర జరిగేది వందనార్పణ. పెద్దలకు కృతజ్ఞతలు అయ్యాక పందిరి వేసినవాళ్లు, కుర్చీలు తెచ్చినవాళ్లు, వంటవాళ్లు, అందరి పేర్లూ చదువుతారు. అప్పటికి ముందు వరస ఖాళీ అయిపోతుంది. ఊరికి వచ్చిన కొత్తలో ఆవులప్ప ఒక సభలో పెద్దలు లేవగానే సెట్ కట్టేశాడు. చదివే మనిషి వట్టి గొంతుతో చదువుకుపోయాడు. ఎవరికీ ఏమీ వినపడలేదు. అందులో నీళ్లు మోసిన ఒక ఆడమనిషి పేరు ఉంది. తన పేరు మైకులో వస్తుందని ఆమె మంచి చీర కట్టుకుని వచ్చి నిలబడింది. ఆవులప్పను తిట్టకుండా వెళ్లిపోయింది. తిట్టి ఉంటే ఆయన మరిచిపోయేవాడేమో.

ఈ రెండు కట్టుబాట్లూ ఒకదానికొకటి ఎప్పుడూ అడ్డం రాలేదు, కుంటకట్ట సభ దాకా.

కుంటకట్ట యలహంకకు ఆవల, వాయుసేన విమానాలు దిగే దారి కింద ఉన్న వీధి. ఒకప్పుడు అక్కడ కుంట ఉండేది. ఇప్పుడు కుంట లేదు, కట్ట లేదు, వాననీళ్లు పోయే పెద్ద కాలువ ఒకటి మిగిలింది. దాని ఒడ్డున ఒకే వరసలో ఇళ్లు. గోడలకు రంగులు వేసేవాళ్లు, గార్మెంట్స్‌కి పోయే ఆడవాళ్లు, పూలు కట్టి అమ్మేవాళ్లు ఉంటారు. వేసవి చివర నగరపాలికె మనుషులు వచ్చి, కాలువ వెడల్పు చేయాలని, ప్రతి గోడమీదా ఎర్రరంగుతో అడ్డగీత కొట్టిపోయారు. ఎగువన పెద్ద అపార్ట్‌మెంటు ప్రహరీ అదే కాలువమీద నిలబడి ఉంది. ఎర్రరంగు దానిదాకా పోలేదు.

జనం మొదట సర్కారు కచేరీలకు తిరిగారు. ఒక కచేరీ ఇంకో కచేరీని చూపించింది. తర్వాత రోడ్డుమీద కూర్చున్నారు. పోలీసులు లేపితే లేచి, మర్నాడు మళ్లీ కూర్చున్నారు. ఆ ఏడు బెంగళూరులో ఎటు చూసినా ఇదే. ఒకచోట నీళ్లకోసం, ఒకచోట చెత్తకోసం, ఒకచోట ఉద్యోగంకోసం. వానకు రోడ్డు కుంగితే, చూడటానికి వచ్చిన ఇంజనీరును జనం అక్కడే కూర్చోబెట్టుకున్న రోజులవి. సర్కారు మాట అంటే టీ అంగళ్లలో నవ్వేవాళ్లు. ఆ నవ్వులో సరదా ఉండేది కాదు.

అట్లాంటప్పుడు, దసరాకు ముందు, అధికార పార్టీ నాయకుడు కుంటకట్టకు వచ్చాడు. వీధి చివర ఖాళీ జాగాలో వేదిక కట్టారు. సెట్ ఆదినారాయణప్పదే. నాలుగేళ్లుగా ఆ పార్టీ సభలన్నీ అతనివే. అతను గోటితో కొట్టి, చెయ్యెత్తి చూశాడు. అందరికన్నా వెనక, బట్టలుతికే బండమీద అంజినమ్మ కూర్చుని ఉంది. కాలువ వంకలో ఆఖరి ఇల్లు ఆమెది. వయసు మీదపడి చెవి మందగించింది. సభ ఏదైనా ఆమె కూర్చునేది ఆ బండమీదే. ఆమె చెయ్యెత్తింది.

నాయకుడు బాగా మాట్లాడాడు. ఒక్క ఇటుక కదలదన్నాడు. కదిలించడానికి జేసీబీ వస్తే అది తన ఒంటిమీదనుంచి పోవాలన్నాడు. చప్పట్లు మోగాయి. ఆయన వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీముందు బల్లమీద ఇంకో మైకు ఉంది. సభాధ్యక్షుడు చివరి మాట అక్కడినుంచే చెబుతాడు, ఆపైన వందనార్పణ. కనుక అది ఆన్‌లోనే ఉంది.

అప్పుడు విమానం వచ్చింది. యలహంకలో విమానం వస్తే మాట ఆపుతారు, లేదా అరుస్తారు. నాయకుడు పక్కనున్న అధికారివైపు వంగి, ఆ హోరులో వినపడాలని అరిచినట్టు చెబుతున్నాడు. విమానం ఎంత గట్టిగా వస్తుందో అంత ఠక్కున పోతుంది. అది పోయాక మిగిలే నిశ్శబ్దం అక్కడ పుట్టినవాళ్లకే తెలుసు. ఆ నిశ్శబ్దంలోకి నాలుగు గొట్టాలనుంచీ నాయకుడి గొంతు స్పష్టంగా వచ్చి పడింది.

"పండగ పోనీండి. ఇప్పుడు కొట్టనీ చప్పట్లు. దసరా అయిన సోమవారం పొద్దున్నే బండ్లు దింపండి. ముందు పోలీసులు, వెనక జేసీబీ. ఈ జనానికి నాలుగురోజులు ఏడుపు, అయిదోరోజు మరుపు."

కన్నడంలో అన్నాడు. ఆ వీధిలో అది అర్థంకాని ఇల్లు లేదు.

వేదిక దిగువన పార్టీ పనులు చూసే చంద్రశేఖర్ ఆంప్లీ దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "ఆపయ్యా! సెట్ ఆపు!"

"వందనార్పణ కాలేదు సార్" అన్నాడు ఆదినారాయణప్ప. ధైర్యంతో అన్న మాట కాదది. ముప్పయ్యేళ్లుగా ఎవరు ఆపమన్నా అతని నోట అదే వచ్చేది.

వెనక బండమీదనుంచి అంజినమ్మ లేచి నిలబడింది. "ఏమంటివప్పా? ఇంగోసారి చెప్పు, మైకు బాగుండాది!"

ముందు నవ్వు లేచింది. తర్వాత ఒక కుర్చీ లేచింది. ఆ తర్వాత ఎన్ని లేచాయో ఎవరూ చూడలేదు. పోలీసులు నాయకుణ్ణి చుట్టుకుని కారెక్కించారు. విరిగిన కుర్చీల మధ్య ఆదినారాయణప్ప ఆంప్లీ మీద చెయ్యి వేసుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఆ రోజు వందనార్పణ జరగకుండానే సెట్ విప్పాడు. విన్నానన్న సంగతి అతనికి ఇంటికి పోయాక తెలిసింది. అన్నం ముందు కూర్చుంటే చెవిలో నాలుగురోజులు ఏడుపు, అయిదోరోజు మరుపు అని తిరుగుతూనే ఉంది.

రెండురోజుల్లో కథ తిరగబడింది. ఫోన్లలో తీసిన వీడియోలు ఊరంతా తిరిగాయి. టీవీలో ఒకాయన కూర్చుని, ఆ గొంతు కంప్యూటర్‌లో పుట్టించిందన్నాడు. ఈ రోజుల్లో ఎవరి గొంతయినా పుట్టించవచ్చన్నాడు. ఆ మాట నిజమే కాబట్టి జనం తల ఊపారు. కుంటకట్టలో సభనుంచి ముందే లేచి వెళ్లినవాళ్లు కొందరున్నారు. విమానం హోరులో సరిగా వినపడలేదన్నవాళ్లు ఇంకొందరు. పండగ దగ్గరపడేసరికి తమ చెవులతో విన్నవాళ్లే ఒకరినొకరు అడుగుతున్నారు: నిజంగా అన్నాడా?

టీ అంగట్లో ఆదినారాయణప్ప అడుగుపెడితే మాటలు ఆగేవి. కుంటకట్టలో గోడలకు రంగులు వేసే చేతన్ ఒకనాడు అతని పక్కకు జరిగాడు.

"మామా, నిజం చెప్పు. బేకంతానే ఆన్ పెట్టినావు కదా? కావాలనే?"

"లేదు. వందనార్పణ కాలేదు, అందుకే ఆపలేదు."

"అంతేనా?"

"అంతే."

చేతన్ ముఖం చిన్నబోయింది. "ఈ మాట ఎవురితోనూ అనొద్దు మామా. బేకంతానే పెట్టినానని చెప్పు. గోడమీద నీ బొమ్మ గీస్తాను, ఉత్తపుణ్యానికి."

"గోడ ఉంటే కదరా గీసేది" అన్నాడు అంగడివాడు.

అందరూ నవ్వారు. నవ్వు అయ్యాక మూలనుంచి ఎవరో అన్నారు. "బొమ్మలెందుకు? ఆ మైకుకు కూలి ఇచ్చింది ఎవురు? వాళ్లే. రేపు పిలిచి ఇట్ల చెప్పు అంటే అట్లే చెప్తాడు, చూస్తా ఉండండి."

ఆదినారాయణప్ప టీ సగంలో వదిలి లేచాడు. ఎందుకు లేచాడో అతనికే తెలియదు. ఆ మనిషి అన్నదాంట్లో తప్పేముంది? వాళ్ల పందిరి కింద వాళ్ల మైకు కట్టినవాడు వాళ్ల మనిషి. ఇన్నేళ్లలో తను వాళ్ల మనిషిని కాదని ఎవరికీ చెప్పలేదు. వాళ్ల మనిషినేనా అని తనను తాను అడుక్కోనూ లేదు.

ఆయుధపూజ రోజు సెట్టుకు పూజ. ఆంప్లీకి విభూతిరేకలు పెట్టి, గొట్టాలకు బంతిపూల మాలలు వేసి, గడపముందు కుంకుమ పోసిన బూడిదగుమ్మడికాయ పగలగొట్టాడు. భార్య భాగీరథమ్మ బొరుగులు, పుట్నాలు పొట్లాలు కడుతోంది. అప్పుడు వచ్చింది చంద్రశేఖర్ కారు. దానికీ బంతిపూల మాల ఉంది.

చంద్రశేఖర్‌దీ సరిహద్దు తెలుగే. బొరుగుల పొట్లం కళ్లకద్దుకుని స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఏమన్నా, పూజ జోరుగా ఉండాది."

"ఏదో మీ దయ సార్."

"దయ నాది కాదన్నా. పెద్దాయనకు నీమీద కోపం లేదు. వాడు పాతకాలం మనిషి, ఏదో పొరపాటున జరిగింది అన్నాడు. ఆదివారం సాయంత్రం అదే జాగాలో చిన్న సభ. నువ్వే సెట్ కట్టు. నువ్వే రెండు మాటలు చెప్పు. పక్కన ఎయిర్‌ఫోర్స్ ఉండాది. ఏదో సిగ్నల్ తగులుకొని ఎవురి మాటలో నా సెట్‌లో వచ్చినాయి, తప్పు నాది, క్షమించండి అని."

"నా సెట్ వైరుది సార్. వైర్‌లెస్ కాదు."

"జనానికేం గొత్తు?"

"నాకు తెలుసు కదా."

చంద్రశేఖర్ పుట్నాలు నమిలాడు. "చూడన్నా. నేను చెప్తే ఊరికే పార్టీ వాడు చెప్పినాడంటారు. టీవీవాళ్లు చెప్తే టీవీవాళ్లంటారు. నువ్వు మైకోనివి. నీకు పార్టీ లేదని అందరికీ గొత్తు. నువ్వు చెప్తే అయిపోతుంది. ఓట్ల కాలం వస్తా ఉండాది. మొత్తం పని నీదే."

"చెప్పకపోతే?"

"మైకుకు పర్మిషన్ ఇచ్చేది స్టేషన్‌లో కదా. ఇంత బాగా పూజ చేసిన సెట్, ఆడ మూలనపడి తుప్పు పట్టేది నాకైతే ఇష్టం లేదప్పా." లేచి, ఆంప్లీకి దణ్ణం పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆదివారం సభ. సోమవారం బండ్లు. ఆదినారాయణప్పకు అప్పుడు అర్థమైంది. అతను తప్పు తనదని చెబితే, కుంటకట్ట జనం ఆ రాత్రి తలుపులేసుకుని నిద్రపోతారు. పొద్దున లేచేసరికి జేసీబీ గోడ దగ్గర ఉంటుంది. వాళ్ల నిద్ర కోసం అతని నోరు కావాలి.

మమతకు ఫోన్ చేశాడు. కూతురు బెంగళూరుకు ఆ చివర, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక ఆఫీసులో పనిచేస్తుంది, అక్కడే స్నేహితురాళ్లతో ఉంటుంది.

"అప్పా, ప్లీజ్, ఇష్యూ చెయ్యొద్దు. సారీ చెప్పేస్తే క్లోజ్. నీకెందుకు వాళ్ల పాలిటిక్స్?"

"జనం ఇండ్లు పోతాయమ్మా."

"నువ్వు చెప్పినా పోతాయి, చెప్పకపోయినా పోతాయి. ఈ రోజుల్లో గవర్నమెంట్‌ని ఎవరు నమ్ముతారప్పా? ఎవరూ నమ్మరు. సో, డిఫరెన్స్ ఏముంది?"

"ఎవురూ నమ్మనిదానికి నన్నెందుకమ్మా సాక్ష్యం అడుగుతా ఉండారు?"

"అమ్మకివ్వు ఫోన్" అంది మమత.

భాగీరథమ్మ ఫోన్ తీసుకుని కూతురి మాటలు అన్నీ వింది. ఊఁ కొట్టింది. పెట్టేసింది. రాళ్లు ఏరుతున్న బియ్యం చాట మళ్లీ ఒళ్లోకి లాక్కుంది.

"ఏమంటావు?" అన్నాడు ఆదినారాయణప్ప.

"నేనేమీ అనను. సెట్ పోతే ఏమి తినేదని నేనడగాల, నువ్వు దాన్ని సాకు చేసుకోవాల. అదేనా? నేనడగను."

"మైకోనికి చెవులుండకూడదని నాయన చెప్పినాడే."

"చెవులుండకూడదన్నాడు. నోరుండకూడదన్నాడా?" చాట చెరిగింది. ఊక గాలికి లేచింది. "ఆయన చెప్పిందాంట్లో నీకు కష్టంలేనిది పట్టుకున్నావు ఇన్నిదినాలూ."

ఆ మాట అతని గుండెకు గుచ్చుకుంది. కోపం రావాలి, రాలేదు. పోయి అంగట్లో కూర్చుని, పూజకు తుడిచిన గొట్టాలనే మళ్లీ తుడిచాడు.

ఆదివారం సాయంత్రం అతనే సెట్ కట్టాడు. బంతిమాలలు వాడినా తీయలేదు. వేదికమీద నాయకుడు లేడు. చంద్రశేఖర్, ఇద్దరు కార్యకర్తలు ఉన్నారు, టీవీ కెమెరా ఒకటి ఉంది. దిగువన ఎస్సై, అతని మనుషులు. కుంటకట్ట జనం వచ్చారు గానీ కుర్చీల్లో కూర్చోలేదు. చేతులు కట్టుకుని పక్కలకు నిలబడ్డారు. చేతన్ అతనివైపు చూడలేదు.

"చిన్నగా, రెండే మాటలు. అంతే" అన్నాడు చంద్రశేఖర్.

ఆదినారాయణప్ప మైకు ముందుకు వచ్చాడు. గోటితో రెండుసార్లు కొట్టాడు. వెనక బండమీద అంజినమ్మ. చెయ్యెత్తాడు. ఆమె ఎత్తలేదు.

ఆంప్లీ దగ్గరికి పోయాడు. మీట తిప్పలేదు. దానిమీద వేలు పెట్టి కాసేపు ఆగాడు. ధ్వని సరిగానే ఉందని అతనికి తెలుసు. ఆమెకు వినపడిందనీ తెలుసు. తిరిగివచ్చి మళ్లీ కొట్టాడు, మళ్లీ చెయ్యెత్తాడు. ఆమె ఒళ్లో చేతులు ఒళ్లోనే ఉన్నాయి. ముప్పయ్యేళ్లలో విన్నవాళ్లు చెయ్యెత్తకపోవడం అదే మొదలు.

"హలో" అన్నాడు.

ఆ మాట తర్వాత తప్పుకోవడం అతని అలవాటు. కాళ్లు తప్పుకోబోయాయి. నిలబెట్టుకున్నాడు.

"నేను ఆదినారాయణప్పను. ఆవులప్ప కొడుకుని. నా సెట్‌కు ఏ రోగమూ లేదు. ఆ పొద్దు దీంట్లో ఏ సిగ్నలూ తగులుకోలేదు. మీరేమి విన్నారో ఆయన అదే అన్నాడు. నేను పక్కనే ఉంటిని. నేనూ వింటిని." గొంతు వణికింది. మైకు ఆ వణుకును కూడా నాలుగువైపులా చెప్పింది. "రేపు సోమవారం."

చంద్రశేఖర్ లేచాడు. "ఆపు! సెట్ ఆపయ్యా!"

"వందనార్పణ కాలేదు సార్" అన్నాడు ఆదినారాయణప్ప. ఈసారి ఆ మాట అతను అనాలని అన్నాడు. మైకులోనే అన్నాడు. వీధి విన్నది. ఎక్కడో నవ్వు లేచింది, ఈల పడింది. "ఎవురూ పోవద్దండి. సభ ఇంకా అయిపోలేదు. నా తరపున వందనాలు ఎవురెవురికి చెప్పాలంటే..."

అంతవరకే వచ్చింది. కానిస్టేబుల్ ఒకడు వైరు పీకాడు. ఆ తర్వాత అతను పలికిన పేర్లు పెదవులమీదే ఉండిపోయాయి. ముందున్నవాళ్లకు సగం వినపడ్డాయేమో. బండ దాకా పోలేదు. బండ కనపడలేదు కూడా, జనం అడ్డంగా వచ్చారు.

పర్మిషన్ చిన్న సభకే ఇచ్చామని, రెచ్చగొట్టే మాటలు మాట్లాడాడని ఎస్సై కన్నడంలో చెప్పాడు. సెట్ జీపెక్కింది. ఆంప్లీ, గొట్టాలు, బల్లమైకు, స్టాండు, చుట్టలు చుట్టిన వైరు. విభూతిరేకలతో, వాడిన బంతిమాలలతో ఎక్కింది. ఆదినారాయణప్ప దగ్గరుండి అందించాడు. వైరు మడత పడితే లోపల తెగుతుంది, అందుకని చుట్టలు తానే సరిచేసి పెట్టాడు.

"కోపం రాలేదా మామా?" అన్నాడు చేతన్, జీపు పోయాక.

"వస్తా ఉండాది" అన్నాడు ఆదినారాయణప్ప. "నిదానంగా వస్తా ఉండాది. రానీ."

చేతన్ అతన్ని బండిమీద ఇంటిదగ్గర దింపాడు. భాగీరథమ్మ గడపలో నిలబడి ఉంది. జరిగిందంతా ఎవరో ఫోన్‌లో చూపించారు. ఆమె ఖాళీ అంగడివైపు చూసి, మొగుడివైపు చూసింది.

"గొంతు ఆరిపోయి ఉంటుంది. నీళ్లు తాగు" అంది.

మర్నాడు పొద్దున్నే, ఇంకా ఎండ ఎక్కకముందు, ఆదినారాయణప్ప తలకు స్నానం చేసి ఉతికిన చొక్కా వేసుకున్నాడు. నాయన గొట్టం గడపమీద వేలాడుతూనే ఉంది. తీసుకోబోయి, వదిలేశాడు. వట్టి చేతులతో కుంటకట్టకు నడిచాడు.

బండ్లు వచ్చి ఉన్నాయి. ముందు పోలీసులు, వెనక జేసీబీ, అన్నట్టే. జనం నిద్రపోలేదు. వీధి మొదలునుంచి చివరిదాకా, ఎర్రగీతలున్న గోడలకు ఆనుకుని, పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని, నేలమీద వరసగా కూర్చుని ఉన్నారు. నిన్న నిలబడ్డవాళ్లు ఈ రోజు కూర్చున్నారు. అతన్ని చూసి చేతన్ పక్కకు జరిగి చోటిచ్చాడు. ఆదినారాయణప్ప అక్కడ కూర్చోలేదు.

వీధి మొగదల జేసీబీ ఆగి ఉంది. దాని ఇనుపచేట మనిషి ఛాతీ ఎత్తున గాలిలో నిలిచి ఉంది. లోపల డ్రైవరు ఏం చేయాలో తోచక బీడీ వెలిగించుకుంటున్నాడు. ఆదినారాయణప్ప పోలీసుల మధ్యనుంచే నడిచి చేట ముందుకు వెళ్లాడు. పక్కకు తప్పుకోమన్నారు. వినపడనట్టు నిలబడ్డాడు. ఇన్నేళ్ల అలవాటు అక్కడ పనికొచ్చింది.

చూపుడువేలి గోటితో ఆ ఇనుముమీద రెండుసార్లు కొట్టాడు. దానికి వీపు పెట్టి వీధివైపు తిరిగాడు. కూర్చున్న తలలన్నీ దాటించి చూపు పంపాడు. వీధి చివర, కాలువ వంకలో, ఆఖరి గడపమీద అంజినమ్మ.

కుడిచెయ్యి పైకెత్తాడు.

చాలాసేపు ఎత్తే ఉంచాడు. భుజం నొప్పెట్టింది. దించలేదు. అక్కడ, అంత దూరాన, తెల్లకొంగు ఒకటి కదిలింది. దాంట్లోంచి చెయ్యి ఒకటి నిదానంగా లేచింది.

"హలో" అన్నాడు ఆదినారాయణప్ప వట్టి గొంతుతో. "నిన్న సభ మధ్యలో ఆగిపోయింది."